ట్యాంకు మీద తేదీ చూశారా?

పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్ జవాబులు

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను. 1986లో ఏ.ఎన్.ఎం.గా చేరి, ప్రకాశం జిల్లా పడమటి వైపు ఊళ్ళన్నీ కాళ్ళరిగేలా తిరిగి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. పోయిన నెల ఒకాయన మోకాళ్ళ నొప్పులకు మందు రాయమని ఉత్తరం పంపారు. అది నా పని కాదు. నీళ్ళు, దోమలు, ఈగలు, టీకాలు, మరుగుదొడ్లు... వీటి గురించి అడగండి, ఎంతసేపైనా చెబుతాను. భోజనాల దగ్గర మాత్రం ఆ కబుర్లు ఎత్తొద్దని మా ఇంట్లోవాళ్ళు దణ్ణం పెడుతుంటారు.

ప్రశ్న: మా కుళాయి నీళ్ళు వారంలో రెండు మూడు రోజులు బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి. కాఫీ కూడా అదే వాసన. మావారు భయపడి ఇరవై లీటర్ల క్యాన్ వేయిస్తున్నారు. మా అత్తగారు మాత్రం కుళాయి నీళ్ళే తాగుతానంటారు. ఎవరిది కరెక్టు?
– ఒక గృహిణి, చిలకలూరిపేట

జవాబు: అత్తగారిదే అమ్మా. కాకపోతే ఈ మాట మీవారికి మీరే చెప్పండి, నా పేరు చెప్పొద్దు.

ఆ వాసన క్లోరిన్‌ది. ట్యాంకులో కలిపిన క్లోరిన్ క్రిముల్ని చంపగా ఇంకాస్త మిగిలి మీ కుళాయి దాకా వచ్చిందన్నమాట. అలా మిగలాలి కూడా. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం. ట్యాంకులోనే క్రిములు చచ్చాక మళ్ళీ మిగలడం దేనికీ అంటారేమో. ట్యాంకు నుంచి మీ ఇంటికి వచ్చే పైపు ఎక్కడెక్కడి నుంచి వస్తుందో ఒకసారి చూడండి. సగం దూరం మురిక్కాలవ పక్కనే వస్తుంది, ఒక్కోచోట కాలవలోంచే దాటుతుంది. నీళ్ళు వదలని వేళ పైపులో ఒత్తిడి ఉండదు. ఎక్కడన్నా సన్నటి పగులుందంటే బయటి మురుగు లోపలికి దిగుతుంది. అక్కడ మిమ్మల్ని కాపాడేది ఆ మిగిలిన క్లోరినే. అందుకే వాసన వస్తే నాకు ధైర్యం, అసలు రాకపోతేనే టెన్షన్.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది వేరే ముక్క. "వారంలో రెండు మూడు రోజులు" అన్నారు. మరి మిగతా నాలుగు రోజుల సంగతేమిటి? మున్సిపాలిటీ వాళ్ళను వాసన ఎందుకొస్తోందని కాదు, మిగతా రోజుల్లో ఎందుకు రావడం లేదని అడగండి.

క్లోరిన్ ఉందో లేదో మేం చూసే తీరు చెబుతాను, మీ ఏరియా ఏ.ఎన్.ఎం. దగ్గరా ఆ సరంజామా ఉండొచ్చు, అడిగి చూడండి. క్లోరోస్కోప్ అని అరచేతిలో పట్టేంత డబ్బా, దాంట్లో సన్నటి గొట్టాలు. కుళాయి తిప్పి కాసేపు నీళ్ళు పోనిచ్చి, గొట్టంలో గీత దాకా పట్టి, ఆర్థోటాలిడిన్ మందు చుక్కలు వేస్తాం. క్లోరిన్ ఉంటే నీళ్ళు పసుప్పచ్చగా తిరుగుతాయి. ఆ రంగును డబ్బా మీద ఉన్న రంగులతో పోల్చి చూసుకోవడమే. రంగు తిరగలేదంటే ఆ నీళ్ళకు కాపలా లేనట్టే. ఇందులో ఒక కిటుకుంది. ట్యాంకు కింద ఉన్న మొదటి కుళాయి దగ్గర చూస్తే ఎప్పుడూ పసుపే వస్తుంది. చూడాల్సింది చివరి వీధిలో చివరి ఇంటి కుళాయి. పని తప్పించుకోవాలనుకునేవాళ్ళు మొదటి కుళాయి దగ్గరే ఆగిపోతారు. నేనూ ఆగిన రోజులున్నాయి, ఆ కథ చివర్లో వస్తుంది.

వాసన మరీ ఘాటుగా కొట్టిందంటే కలపడంలో తేడా ఉంది. మంచి బ్లీచింగ్ పౌడరైతే వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు చాలు. దాన్ని బకెట్లో జావలా కలిపి, పైన నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట నుంచి గంట ఆగి నీళ్ళు వదలాలి. ఇంత ఓపిక లేక పౌడరు సంచీ పట్టుకుని నేరుగా కుమ్మరిస్తే మొదటి వీధికి ముక్కులు పగిలే ఘాటు, చివరి వీధికి ఉత్త నీళ్ళు. మీ ఇంట్లో వాసన పోవాలంటే నీళ్ళు పట్టిన బిందె మీద పలచటి గుడ్డ కప్పి కొన్ని గంటలు అలా ఉంచండి. తర్వాత మూత పెట్టి, పొడుగు కాడ ఉన్న గరిటెతో ముంచుకోండి. గ్లాసు పట్టుకుని చెయ్యి ముంచారంటే ఈ చెప్పిందంతా వృథా.

ఇక క్యాన్ల సంగతి. మా వైపు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఉంటుంది. అప్పట్లో అవి నెల్లూరు జిల్లాలో ఉండేవి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను డాక్టర్లు మొదటిసారి గుర్తించి రాసింది అక్కడే, 1937లో. గారపట్టిన పళ్ళు, వంగిపోయిన నడుములు, నలభై ఏళ్ళకే కర్ర పట్టుకున్నవాళ్ళు. ఆ నీళ్ళను కాచినా లాభం లేదు, పైగా నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపే పద్ధతికి లోకమంతా "నల్గొండ పద్ధతి" అని మన నల్గొండ పేరే పెట్టుకుంది. సంతోషించాలో ఏడవాలో తెలీని గౌరవం. అలాంటి చోట ఆర్.ఓ. నీళ్ళు వాడితే అర్థముంది. మీకు వచ్చేది శుద్ధి చేసిన కాలువ నీరైతే ఆ అవసరం లేదు. క్యాన్ నీళ్ళలో మామూలుగా క్లోరిన్ ఉండదు. నింపిన చెయ్యి ఎంత శుభ్రమో నీళ్ళూ అంతే శుభ్రం. మీ ఇంట్లో క్యాన్ బోర్లించే డిస్పెన్సర్‌ను, దాని కుళాయిని చివరిసారి ఎప్పుడు కడిగారు? జవాబు నాకు రాయక్కర్లేదు. ఇవాళ కడిగితే చాలు.

ప్రశ్న: మా అపార్టుమెంటులో ఇద్దరికి డెంగ్యూ వచ్చింది. అసోసియేషన్ వాళ్ళు నెలకోసారి ఫాగింగ్ చేయిస్తున్నారు. మాది ఐదో అంతస్తు, కిటికీలకు మెష్ ఉంది. ఇంకా ఏం చేయాలి? బొప్పాయి ఆకు రసం ముందు నుంచే తాగితే ప్లేట్‌లెట్స్ పడిపోకుండా ఉంటాయా?
– ఒక ఐ.టి. ఉద్యోగి, మియాపూర్

జవాబు: బాబూ, పోయిన ఏడాది హైదరాబాదులోనే మా చెల్లెలి కూతురి ఫ్లాట్‌కి వెళ్ళాను. ఏడో అంతస్తు. "ఇంత పైకి దోమలు రావు పెద్దమ్మా" అంది. ఫ్రిజ్ ముందుకు జరపమన్నాను. నావంక అదోలా చూసింది గానీ, పెద్దదాన్ని కదా, జరిపింది. వెనక అడుగున చిన్న ట్రే ఉంటుంది, ఫ్రిజ్‌లో కరిగిన నీళ్ళు దాంట్లోకి దిగుతాయి. వేలు మునిగేంత నీళ్ళున్నాయి. సెల్‌ఫోన్ లైటు వేస్తే సన్నటి తోక పురుగులు మెలికలు తిరుగుతూ గబగబా అడుక్కి దిగిపోయాయి. "ఇవేంటి?" అంది. "నీ దోమలే. పైకి రాలేదు, ఇక్కడే పుడుతున్నాయి" అన్నాను. ఆ ట్రే అవతల పారేసి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

డెంగ్యూ దోమ మురుగులో గుడ్లు పెట్టదు. దానికి మనం దాచుకున్న శుభ్రమైన నీళ్ళు కావాలి. మనీప్లాంట్ సీసా, కూలర్, పూలకుండీ కింద పళ్ళెం, టెర్రస్ మీద పారేసిన కొబ్బరిచిప్ప, మూత సరిగ్గా పట్టని సంపు. గుడ్డు నుంచి దోమయ్యేందుకు వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకరోజు అన్నీ వంచి ఆరబెట్టమని, శుక్రవారం డ్రై డే అని మేం మొత్తుకునేది. వంచేస్తే సరిపోదు, పీచుతో తోమాలి. గుడ్లను నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికుంటాయి, మళ్ళీ నీళ్ళు తగిలితే పొదుగుతాయి. మెష్ మంచిదే. అయితే ఈ దోమ కుట్టేది పగలు, ముఖ్యంగా పొద్దునపూట, మళ్ళీ సాయంత్రం చీకటి పడేముందు. రాత్రి దోమతెరలో పడుకున్నానని ధైర్యంగా ఉంటే పొద్దున కాఫీ తాగేటప్పుడు పాదాల దగ్గర పని కానిచ్చేస్తుంది.

ఫాగింగ్ అంటే జనానికి సంబరం. పొగ, చప్పుడు, వెనకాల పిల్లల పరుగు. ఆ పొగకు చచ్చేది ఆ పూట గాల్లో తిరిగే దోమ. ట్రేలో ఉన్న తోక పురుగుకు ఏమీ కాదు, రెండ్రోజుల్లో రెక్కలొచ్చి ఎగురుతుంది. కేసులు వచ్చినప్పుడు ఫాగింగ్ అవసరమే, కాదనను. కానీ నెలకోసారి పొగ పెట్టించి మేం చేసేది చేశాం అనుకునే అసోసియేషన్ వాళ్ళకు నాదో సలహా. ఆ డబ్బుతో ఒక మనిషిని పెట్టి వారానికోసారి సంపు, టెర్రస్, ప్రతి ఫ్లాట్‌లో ఫ్రిజ్ వెనకా చూపించండి. ఒక్క ఫ్లాటు తలుపు తీయకపోయినా పని సగమే. నీ ఇల్లు అద్దంలా ఉన్నా పక్కింటి కూలర్లో పుట్టిన దోమకు ఆ సంగతి తెలీదు కదా!

అన్నట్టు, మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మీ ఊళ్ళోనే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న. ఆయనకు నోబెల్ తెచ్చిన ఊళ్ళో దోమలు ఇంకా ఇంత హాయిగా బతుకుతున్నాయి.

బొప్పాయి ఆకు రసం మీద నమ్మకం పెట్టుకోవద్దు. ప్లేట్‌లెట్ల అంకె మీద మనవాళ్ళకున్నంత బెంగ ఇంకే అంకె మీదా లేదు. లక్షకు తగ్గిందనగానే ఎక్కించమని డాక్టర్ మీద పడతారు. రక్తస్రావం లేకపోతే పదివేలకు తగ్గితే తప్ప ఎక్కించే పని లేదని జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కనిపెట్టుకోవాల్సింది వేరే ఉంది. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే నాలుగో రోజు నుంచి ఆరో రోజు దాకా అసలు ప్రమాదం. కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మనిషి మగతగా పడి ఉండటం, మూత్రం తగ్గడం కనిపిస్తే అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరిగెత్తాలి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప నొప్పి మాత్రలు సొంతంగా మింగొద్దు. మిగతాది డాక్టరు చెప్పాలి.

ప్రశ్న: నేను పదో తరగతి. ట్యూషన్ నుంచి వస్తుంటే వీధికుక్క పిక్క మీద కరిచింది. కొంచెం రక్తం వచ్చింది. పసుపు రాసుకున్నాను. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు వేస్తారని ఇంట్లో చెప్పలేదు.
– ఒక విద్యార్థి

జవాబు: ఈ ఉత్తరం చూసిన నిమిషంలో పత్రికవాళ్ళకు ఫోన్ చేశాను. వాళ్ళు ఆ అబ్బాయి తల్లితో మాట్లాడారు. మూడో రోజుకు గానీ సూది పడలేదు, అయినా పడింది. ఇక్కడ రాసేది మిగతా పిల్లల కోసం.

నాన్నా, బొడ్డు చుట్టూ పొడిచే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు భుజాలకే వేస్తారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు, అంతే. కరవగానే చేయాల్సింది కుళాయి కింద కాలు పెట్టి, సబ్బుతో పావుగంట సేపు కడగడం. గడియారం చూసుకుని 15 నిమిషాలు. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, ఆకుపసరు ఏవీ వద్దు. రక్తం వచ్చిందంటే గాయంలోకి ఇంకో మందు, ఇమ్యునోగ్లోబులిన్, వేయాలి. అది చిన్న ఆస్పత్రిలో లేకపోతే పెద్దాస్పత్రికి పంపుతారు, వెళ్ళాలి. కుక్క పది రోజులు బతికి ఉంటుందో లేదో చూద్దాం అని సూది ఆపకూడదు. ఈ జబ్బు లక్షణాలు బయటపడ్డాక చేసేదేమీ ఉండదు. మా సర్వీసులో అలా ఒకతన్ని చూశాను, దాని గురించి రాయలేను. అమ్మ తిడుతుంది. తిట్టించుకో.

ప్రశ్న: మా రెండేళ్ళ బాబుకు విరేచనాలైతే మందుల షాపులో ఓ.ఆర్.ఎస్. అని రంగు డబ్బా ఇచ్చారు. నారింజ రుచి, ఇష్టంగా తాగాడు. మా ఆశా వర్కర్ చూసి పారబోయమంది. మంచిదే కదా?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: ఆ ఆశాకు నా తరఫున ఒక నమస్కారం పెట్టండి.

అసలు ఓ.ఆర్.ఎస్. తియ్యగా ఉండదు. కన్నీళ్ళ రుచి అని మా పాత మేడం అనేవారు. పంచదార, ఉప్పు కొలత ప్రకారం ఉంటేనే పేగు నీళ్ళను లోపలికి తీసుకుంటుంది. తీపి ఎక్కువైతే ఒంట్లో నీళ్ళను పేగులోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. అలాంటి తీపి పానీయాలకు ఓ.ఆర్.ఎస్. అని పేరు పెట్టి అమ్మడం మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పాత సరుకు ఎక్కడన్నా ఉండొచ్చు, ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చదివి కొనండి.

పెద్ద ప్యాకెట్‌కు సరిగ్గా లీటరు నీళ్ళు. సగం ప్యాకెట్, సగం నీళ్ళు అని అంచనా వేయొద్దు, అంచనాలు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. చెంచాతో కొంచెం కొంచెం పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ. ఈ వయసు పిల్లలకు దీంతోపాటు జింక్ మాత్ర, రోజూ 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు మూడో రోజుకే తగ్గినా పద్నాలుగూ వేయాలి. ఇక్కడే అందరూ ఆపేస్తారు.

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, తినేసోడా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టించి బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్ఫై మంది పోతున్న చోట చావులు నాలుగుకు లోపే ఆగాయి. ఈ ప్యాకెట్ వెనక అంత కథ ఉంది. నారింజ రుచి అవసరం లేదు.

ప్రశ్న: పోలియో పోయింది కదా, ఇంకా చుక్కలెందుకు? అసలు ఆ మందు చెడిపోలేదని ఎలా తెలుస్తుంది?
– ఒక తండ్రి, కావలి

జవాబు: మన దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న, హౌరాలో. పక్కన పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో ఇంకా ఉంది. విమానమెక్కితే కొన్ని గంటల ప్రయాణం. రెండో ప్రశ్న బాగుంది. ప్రభుత్వ టీకా సీసా మీద చిన్న గుండ్రం, దాని మధ్యలో చదరం ఉంటాయి. చదరం గుండ్రం కన్నా తెల్లగా ఉంటే వేయొచ్చు. వేడి తగిలేకొద్దీ చదరం నల్లబడుతుంది. రెండూ ఒకే రంగయ్యాయంటే పారేయాల్సిందే. చూపించమనండి, చూపిస్తారు. ఎవరూ అడగరనే మాకు బెంగ.

ప్రశ్న: మీ శాఖ రికార్డులన్నీ కుర్చీలో కూర్చుని రాసేవే కదా! మా ఊళ్ళో ఎవరికీ ఏ రోగమూ లేదు. మరి ఇంతమంది జీతాలు దేనికి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మార్కాపురం దగ్గర పల్లె

జవాబు: నమస్కారం మాస్టారూ. రెండో ప్రశ్నకు జవాబు మీ మొదటి వాక్యం పక్కనే ఉంది, "ఎవరికీ ఏ రోగమూ లేదు" అని మీరే రాశారు. మొదటిదానికి మాత్రం నేను తలొంచుకోవాలి.

తొంభైల్లో సంగతి. ఒక శనివారం, ఎండ మాడిపోతోంది, మా అబ్బాయికి జ్వరం. చివరి ఊరికి వెళ్ళకుండానే ఆ ఊరి వరసలో "క్లోరిన్ సరిపడా ఉంది" అని రాసి సంతకం పెట్టి బస్సెక్కాను. మంగళవారం పొద్దున్నే కబురొచ్చింది. వెళ్ళేసరికి బడి వరండా నిండా మనుషులు, కిటికీ ఊచలకు సెలైన్ సీసాలు. సీసాలు చాలక ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు సైకిళ్ళ మీద మండలానికి పరిగెత్తారు. రెండు వీధులు ఒకే లైను మీద ఉన్నాయి. ఆ లైను వాల్వు గుంటలో మురుగు నిండి ఉంది, వాల్వు కారుతోంది. శనివారం నేను చివరి కుళాయి దగ్గర గొట్టం పట్టి ఉంటే రంగు తిరిగేది కాదు, అక్కడే తెలిసిపోయేది. బ్లీచింగ్ అయిపోయి వారమైందట.

నలభై మందికి పైగా పడ్డారు. అందరూ లేచారు, ఒక అవ్వ తప్ప. మధ్యాహ్నం పూట ఆ వీధికి వెళ్తే నాకు మజ్జిగ ఇచ్చే అవ్వ. నన్నెవరూ ఏమీ అనలేదు. రికార్డులో అంతా సరిగ్గానే ఉంది మరి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా చూడని నీళ్ళ గురించి రాయలేదు. అందుకు ఎవరూ నన్ను మెచ్చుకోలేదు, మెచ్చుకోవడానికి ఆ వీధుల్లో మళ్ళీ ఏమీ జరగలేదు.

కాబట్టి మీ అనుమానం తప్పని నేననను. అనుమానించండి, కానీ ఇంట్లో కూర్చుని కాదు. మీ ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు మీద "శుభ్రం చేసిన తేదీ" అని పెయింటుతో రాసి ఉంటుంది. ఈసారి ఉత్తరంలో ఆ తేదీ రాయండి. కింద గదిలో బ్లీచింగ్ సంచీ ఉందా, మూతి కట్టి ఉందా చూడండి. మూతి తెరిచి నెలలు దాటితే దాంట్లో పస ఉండదు. తేదీ కొత్తగా ఉండి, ట్యాంకు నిచ్చెన మెట్లకు సాలెగూళ్ళు కనిపిస్తే అదీ రాయండి.